వరస చివర గీకేసిన మొహం

మా మిషనులో పటాలు తీసే పనికి కొత్తగా ఇద్దర్ని వేసుకున్నారని విన్నాను. వాళ్ళకి గాజు పలకల బరువు లేదు, చీకటి డేరా లేదు, వేళ్ళు నల్లబడే మందులు లేవు. చిన్న పెట్టెలో ఫిల్ము చుట్ట వేసుకుని, చంకలో గొడుగు పెట్టుకుని హాయిగా ఊళ్ళు తిరుగుతున్నారట. నాకు అసూయ లేదంటే అబద్ధం. వాళ్ళలో ఒకాయన మొన్న ధవళేశ్వరంలో మా ఇంటికి వచ్చి, "పెద్దవారు, పనిలో మెలకువలు నాలుగు రాసిపెట్టండి" అని అడిగాడు.

మందుల కొలతలు ఎవరైనా చెబుతారు. నేను రాయగలిగింది నా చేత్తో నేను చేసిన ఒక తప్పు గురించి. అది తప్పని తెలియడానికే నాకు పాతికేళ్ళకి పైగా పట్టింది.

తలకిందుల గుడి

ఆనకట్ట కడుతున్న రోజుల్లో పుట్టాను. మా నాన్న రాళ్ళు మోసే కూలి. నా చిన్నతనంలోనే మా పేట సగం క్రైస్తవంలో కలిసింది. చుట్టుపక్కల లూథరన్లు, బాప్టిస్టులు ఎక్కువ. మాది మాత్రం స్కాట్లండు నుంచి వచ్చిన ఒక దొరగారు నడిపే చిన్న ప్రెస్బిటేరియన్ సంఘం. మాకు బిషప్పులు ఉండరు. సంఘమే కొందరు పెద్దల్ని ఎన్నుకుంటుంది. వాళ్ళు కూర్చుని ఒక తీర్మానం చేస్తే దొరగారైనా తలవంచాలి. ఇది మాకు గర్వంగా ఉండేది. మమ్మల్ని వీధిలో నడవనివ్వని ఊళ్ళో, మాలో ఒకడు కోటు వేసుకుని తీర్పు చెబుతుంటే గర్వంగా ఉండదా మరి.

దొరగారికి ఒక కెమెరా పెట్టె ఉండేది. బడి, మందుల గది, కరువులో గంజి పోసే చోటు, కాలవలో బాప్తిస్మాలు, అన్నీ పటాలు తీసి తన దేశంలోని సంఘాలకి పంపేవారు. అవి చూసి అక్కడివాళ్ళు సాయం చేసేవారు. పెట్టె మోయడానికి నన్ను పెట్టుకున్నారు. మొదటిరోజు నల్లగుడ్డలో తల దూర్చి చూశాను. మా ప్రార్థన గుడి తలకిందులుగా ఉంది! పెద్దలందరూ కాళ్ళు పైకి పెట్టి ఆకాశంలోంచి వేలాడుతున్నారు. కెవ్వుమని బయటికి దూకాను.

దొరగారు పొట్ట పట్టుకుని నవ్వారు. "భయపడకు ఏసుపాదం. దేవుడికి కూడా మనం ఇలాగే కనిపిస్తామేమో" అన్నారు. మంచి మనిషి. ఆ మాట ఇక్కడే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తరవాత ఆయన్ని నేను తప్పుపట్టాల్సి వస్తుంది.

కదిలితే మనిషి ఉండడు

మోస్తూ మోస్తూ పని నేర్చుకుని నేనే పటాలు తీయడం మొదలుపెట్టాను. ఆ రోజుల్లో గాజు పలకకి మందు పూసి, అది తడిగా ఉండగానే పెట్టెలో పెట్టాలి, తడి ఆరకముందే కడగాలి. మన గోదావరి ఎండకి అది ఎంతసేపు ఆగుతుంది! ఆ కాస్త వ్యవధిలోనే పెట్టె అద్దానికున్న మూత తీసి పన్నెండు లెక్కపెట్టి మూత వెయ్యాలి. ఆ పన్నెండు అంకెలూ ఎవరూ కదలకూడదు. కదిలితే పటంలో మనిషి ఉండడు, పొగలాంటి మరక ఉంటుంది.

నేను అందరికీ అదే చెప్పేవాణ్ణి: "కదిలితే మనిషి ఉండడు." జనం ప్రాణమే పోతుందనుకుని గుంజల్లా నిలబడేవారు. వాళ్ళ భయం నాకు లాభమని నేనూ సరిదిద్దలేదు. చిన్నపిల్లలు మాత్రం ఎవరి మాటా వినరు గదా. అందుకని నా సొంత నియమం ఒకటి పెట్టాను: పాలు తాగే పిల్లల్ని పటంలోకి రానివ్వను.

గుడికి కొత్తగా పెంకు వేసినప్పుడు సంఘం మొత్తానికి పటం తీశాం. సున్నం కొట్టిన గోడ ముందు మగవాళ్ళు నిలబడ్డారు, ఆడవాళ్ళు కింద కూర్చున్నారు. అంతా అరవైమంది దాకా ఉంటారు. పసిపిల్లల్ని కుడిపక్కన నీడలో చాప మీద వేసి, మార్తమ్మ అవ్వని కాపలా పెట్టాను.

మిషను ఆవరణలో వడ్లు దంచే రూతమ్మ వచ్చి ఆడవాళ్ళ వరసలో కుడి చివర కూర్చుంది. మొగుడు పోయి ఏడాది. చంటిపిల్ల ఉంది. నేను ఆవిణ్ణి మధ్యలోకి జరగమన్నాను.

"ఇక్కడే ఉంటానండి. సివరైతే పిల్ల కనపడతాది" అంది.

"కనపడితే కనపడింది గానీ తల తిప్పకు. ఇటే చూడు. కదిలితే మనిషి ఉండడు" అన్నాను.

"అలాగేనండి" అంది.

మూత తీసి లెక్క మొదలుపెట్టాను. రెండో మూడో అంకె దగ్గర చాప మీద ఎవరి పిల్లో గుక్కపట్టింది. నేను చేతిలో మూత చూసుకుంటున్నానే గానీ తలెత్తలేదు. లెక్క ఆపలేదు.

పటం అచ్చువేసి చూశాను. దొరగారి గడ్డం బాగా వచ్చిందా, పెద్దల కోట్ల గుండీలు కనిపిస్తున్నాయా, పెంకులు లెక్కపెట్టడానికి వీలుగా ఉన్నాయా, ఇవే చూశాను. కొత్తగా వచ్చినవాళ్ళకి నా మొదటి మాట ఇదే: పటంలో మధ్యలో ఉన్నవాళ్ళు తమ సంగతి తాము చూసుకుంటారు. మీరు చివర్లు చూడండి. నేను చూడలేదు. ఆ వారమే ఒక ప్రతి ఓడెక్కి స్కాట్లండు వెళ్ళిపోయింది.

సీసపు బిళ్ళ

ఆ వేసవిలో స్ఫోటకం వచ్చింది. మావాళ్ళు గుళ్ళో స్ఫోటకం అనేవారు, ఇంటికెళ్ళి అమ్మవారు అనేవారు. రూతమ్మ పిల్లకి పోసింది. ఒళ్ళంతా కురుపులు, కళ్ళు మూసుకుపోయాయి. దొరసానిగారు మందిచ్చారు, సంఘం ప్రార్థన చేసింది. నాలుగోరోజు రూతమ్మ పిల్లని మార్తమ్మ అవ్వకి అప్పజెప్పి ఎటో వెళ్ళిపోయింది. తిరిగొచ్చేసరికి పిల్ల కళ్ళు తెరిచింది. ఎటు వెళ్ళిందో ఎవరూ అడగలేదు. ఆషాఢంలో పెద్దాపురం మరిడమ్మ జాతరలో, పసుపుచీర కట్టి నెత్తిన ఘటం పెట్టుకున్న రూతమ్మని మావాళ్ళెవరో చూశారు. మొక్కు తీర్చుకుంటోంది. గోరంత సంగతైతే కొండంత చేసేవారు, ఇది కొండంత సంగతే అయికూర్చుంది.

మా సంఘంలో ఒక ఆచారం ఉండేది. ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం పంచే ఆదివారానికి ముందు పెద్దలు ఇల్లిల్లూ తిరిగి, నడవడి బాగున్నవాళ్ళకి ఒక సీసపు బిళ్ళ ఇచ్చేవారు. అది ఉంటేనే బల్ల దగ్గర కూర్చోనిస్తారు. రూతమ్మకి బిళ్ళ ఇవ్వకుండా గుడి వరండాలోకి పిలిచారు. నేను అక్కడే ఒక మూల పలకలు తుడుచుకుంటున్నాను. పెద్దల్లో పెద్ద జెకర్యా గారు అడిగారు.

"పెద్దాపురం వెళ్ళావా?"

"ఎల్లానండి."

"ఎందుకెళ్ళావు?"

"నాలుగు రోజులు పిల్ల కళ్ళు తెరవలేదండి. ఇక్కడా పార్దన సేశాను, అక్కడా మొక్కాను. ఎవరు ఇన్నారో నాకు తెలవదండి."

"తప్పయిందని ఒప్పుకో. బిళ్ళ ఇస్తాం."

"ఒప్పుకోమంటే ఒప్పుకుంటానండి. కానీ పిల్లకి మళ్ళీ వస్తే మళ్ళీ ఎల్తాను. అబద్దం ఆడి బల్ల కాడ కూకోమంటారా అయ్యగారండీ?"

వడ్లు దంచుకునే మనిషి ఆ మాట అంటుందని నేను కలలో కూడా అనుకోలేదు. దొరగారు నేల చూస్తూ కూర్చున్నారు. పెద్దలు ఏం చేస్తారు, సంఘం పుస్తకంలో ఆవిడ పేరు కొట్టేశారు. ఆ వేసవంతా జెకర్యా గారి గుమ్మానికి వేపమండలు వేలాడాయని నాకు తెలుసు, అందరికీ తెలుసు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలూ మాయమయ్యాయన్న సామెత ఊరికే పుట్టలేదు.

జెకర్యా గారు అంతటితో ఆగలేదు. "పుస్తకంలో పేరు లేనప్పుడు పటంలో మనిషి ఎలా ఉంటుందండీ? ఇంకా ప్రతులు తీసి పంపుతారు కదా" అన్నారు. దొరగారు నా వైపు చూడకుండానే, "మూసెయ్, ఏసుపాదం" అన్నారు.

మూయడం అంటే, గాజు పలక మీద ఆ మనిషి ఉన్నచోట చిక్కటి సిరా పూయడం. సిరా పూసినచోట వెలుతురు దాటదు, కాగితం మీద తెల్లగా పడుతుంది. వెనక సున్నపు గోడ తెలుపే కనక కలిసిపోతుంది. రేపు మనసు మారితే తడిగుడ్డతో తుడిచేస్తే మనిషి మళ్ళీ వస్తుంది.

నేను మూసి ఊరుకోలేదు. సిరా అంచు పల్చగా అతుకులా కనిపిస్తుందని నాకు చిరాకు. పనిమంతుణ్ణి కదా! సన్నని చాకుతో ఆ చోటంతా గాజు దాకా గీకేసి, అప్పుడు సిరా పూశాను. ఆ పలక మీద మొహం శనగబద్దంత ఉంటుంది. తమలపాకు నమిలేంతసేపు కూడా పట్టలేదు. కొత్త ప్రతి తీసి చూపిస్తే దొరగారు, "ఎక్కడుందో నాకే తెలియడం లేదు. శెభాష్" అన్నారు. ఆ రోజంతా నేను ఆనందంగా తిరిగాను. గీకినందుకు నన్ను నేను ఎప్పుడైనా క్షమించుకుంటానేమో గానీ, ఆ ఆనందానికి మాత్రం క్షమించుకోలేను.

కొత్తవాళ్ళకి రెండో మాట: పూయండి, గీకకండి. ఫిల్ము అయినా అంతే.

పేరు కొట్టేశాక రూతమ్మకి వడ్లు దంచే పని కూడా పోయింది. పిల్లని మిషను ఆడపిల్లల బోర్డింగులో వదిలి, కాలవ పూడిక తీసే పనికి వెళ్ళింది. రెండు మూడేళ్ళకి అక్కడే వాంతిభేదులతో పోయిందని తెలిసింది. అయ్యో అన్నాను, భోజనానికి వెళ్ళాను.

ముందు, తరవాత

కొన్నేళ్ళకి దొరగారి దేశంలోనివాళ్ళు కొత్త రకం పటాలు అడగడం మొదలుపెట్టారు. ఒకే పిల్ల మిషనులోకి రాకముందు ఎలా ఉంది, వచ్చాక ఎలా ఉంది, రెండూ పక్కపక్కన కావాలి. రాకముందు ఎవరు తీశారు పటం! అందుకని రెండూ ఒకే రోజు తీసేవాళ్ళం. పాతగుడ్డ కట్టి, జుట్టు చెరిపి ఒకటి. స్నానం చేయించి, గౌను వేసి, చేతిలో రాసుకునే పలక పెట్టి ఇంకొకటి. దీన్ని అబద్ధమనే అంటాను. అప్పుడు అనలేదు.

ఒకసారి బోర్డింగు నుంచి ఆరేడేళ్ళ పిల్లని పంపారు. మొహం నిండా స్ఫోటకం మచ్చలు. తల్లీ తండ్రీ లేరన్నారు. ఎవరి పిల్లో నేను అడగలేదు. పాతగుడ్డ కట్టి నిలబెట్టేసరికి ఆ పిల్ల ఒకటే నవ్వు! ఏడుపుమొహం పెట్టమంటే ఇంకా నవ్వుతుంది. సరేనని స్నానం చేయించి గౌను వేస్తే, నిలబడ్డచోటే వెక్కివెక్కి ఏడ్చింది. పటాలు తారుమారుగా వచ్చాయి, చింపిరిగుడ్డలో నవ్వు, కొత్తగౌనులో ఏడుపు. పంపడానికి పనికిరావని దొరగారు విసుక్కున్నారు. పిల్లకి బుర్ర సరిగా లేదేమో అనుకున్నాను.

శాంతమ్మ

ముప్పై ఏళ్ళ పైన చేశాక కళ్ళు మందగించి పని మానేశాను. పాత పలకలు మిషనువాళ్ళు పారేస్తుంటే, ప్రాణం ఒప్పక ఒక పెట్టెడు ఇంటికి తెచ్చుకున్నాను. ఒకరోజు పొద్దున్నే గొడుగు వేసుకుని ఒకావిడ వచ్చింది. తెల్లచీర, మొహాన మచ్చలు.

"ఏసుపాదం గారంటే మీరేనాండీ? నా పేరు శాంతమ్మండి. ఆడపిల్లల బళ్ళో పంతులమ్మని. నన్ను మీరు రెండు పటాలు తీశారండి చిన్నప్పుడు. చింపిరిగుడ్డలో ఒకటి, గౌనులో ఒకటి."

చప్పున గుర్తొచ్చింది. "నవ్విన పిల్లవి నువ్వేనా అమ్మా! ఇన్నాళ్ళకి అడుగుతున్నాను, ఎందుకు నవ్వావు?"

"అది నేను బోర్డింగుకి వచ్చిన రోజు కట్టుకొచ్చిన మా అమ్మ చీరముక్కండి. మీ అమ్మదని చెబుతూ దాచి ఉంచారండి, ఆ రోజు మళ్ళీ అదే కట్టారు కదా. నన్ను అమ్మ దగ్గరికి పంపేస్తున్నారనుకున్నాను. గౌను వేశాక తెలిసిందండి, పంపరని."

బుర్ర సరిగా లేనిది ఎవరికో ఆ రోజు తెలిసింది.

"మీ అమ్మ ఎవరమ్మా?" అన్నాను.

"రూతమ్మండి. మిషనులో వడ్లు దంచేదట. బోర్డింగులో అందరూ ఒకటే మాట చెప్పారండి, మీ అమ్మ విగ్రహాల వెంటపడి నిన్ను వదిలేసి పోయిందని. మార్తమ్మ అవ్వ పోయేముందు నన్ను పిలిచి, గుడి పటంలో మీ అమ్మ ఉంది, వరస చివర కూర్చుంది అని చెప్పింది. గుళ్ళో ఉన్న పటం చూశానండి. చివర గోడ తప్ప ఏమీ లేదు. కన్నపిల్లని వదిలేసిన మనిషి మొహం ఎలా ఉంటుందో ఒక్కసారి చూద్దామనండి."

పెట్టె వెతికి పలక తీసి కిటికీకి ఎదురుగా పట్టుకున్నాను. గాజు మీద తెల్లచీరలు నల్లగా, నల్లటి మొహాలు తెల్లగా అరవైమంది. చివర సిరా మరక. ఆవిడ తడిగుడ్డ అడిగి తనే తుడిచింది. సిరా పోయింది. దాని కింద ఒట్టి గాజు, ఆ గాజులోంచి మా పెరట్లో అరటిచెట్టు కనిపించింది.

ఇంక దాచి లాభం లేదు. జాతర, బిళ్ళ, వరండా, చాకు, అన్నీ చెప్పేశాను.

"నా కోసం వెళ్ళిందా అండి పెద్దాపురం?"

"నీ కోసమేనమ్మా."

చేత్తో బుగ్గలు తడుముకుంది. "ఈ మచ్చలేనాండీ? నాకెవరూ చెప్పలేదండి. ఒక్కరూ చెప్పలేదు. బుద్ధి తెలిసినప్పటినుంచీ మా అమ్మని తిట్టుకుంటున్నానండి నేను!"

తడిగుడ్డ మడిచి నా ముందు పెట్టి, "పెద్దలు పేరు కొట్టేశారు, సరే. దొరగారు మూయమన్నారు, సరే. మీరెందుకు గీకారండి?" అంది.

"పని నీటుగా రావాలని" అన్నాను. నా దగ్గర ఉన్న నిజం అదొక్కటే. ఆవిడ మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయింది.

సముద్రం దాటి వచ్చిన పటం

ఓడెక్కిన మొదటి ప్రతి గుర్తొచ్చి దొరగారికి ఉత్తరం రాశాను. ఆయన పని మానుకుని సొంత ఊరు వెళ్ళి చాలా ఏళ్ళయింది. బతికున్నారో లేదో కూడా తెలియదు. నాలుగు నెలలకి అట్టల మధ్య పెట్టి కుట్టిన కట్ట వచ్చింది. తెలుగులోనే రాశారు, అక్షరాలు వణికాయి. "ఈ పటం మా ఇంట్లో గోడమీద ఉండేది. ఆ అమ్మాయికి ఇవ్వు. ఒక్క మాట, ఏసుపాదం. నేను మూయమన్నాను గానీ గీకమనలేదు."

మాట నిజమే. నాకు మాత్రం కోపం వచ్చింది. ఆ వరండాలో వద్దు అనగలిగిన మనిషి ఆయనొక్కడే. నేల చూస్తూ కూర్చున్నాడు. కొత్తవాళ్ళకి మూడో మాట చెబుతున్నాను: మీ పైవాడు మంచివాడైతే ఇంకా జాగ్రత్తగా ఉండండి. చెడ్డవాడు చెడ్డపని చెబితే మన చెయ్యి కాస్త ఆగుతుంది. మంచివాడు చెబితే ఆగదు.

భూతద్దం తీసి పటం చివర చూశాను. చీర ఉంది. ఒళ్ళో చేతులున్నాయి, వేళ్ళు కూడా లెక్కపెట్టొచ్చు. మొహం లేదు. మొహం ఉండాల్సినచోట, కుడివైపుకి సాగిన పొగమరక ఉంది. నేను చాకు పెట్టకముందే అక్కడ మొహం లేదు! అచ్చువేసింది నేను, ఓడకి పంపింది నేను, గీకింది నేను. ఒక్కసారంటే ఒక్కసారి కూడా ఆవిణ్ణి చూడలేదు.

ఆ పటం చూపించకుండా దాచేద్దామా అని కూడా అనిపించింది. మళ్ళీ మూయడమే కదా అది, అని శాంతమ్మకి కబురు పెట్టాను. వచ్చి గుమ్మంలోనే నిలబడింది. చేతులు కట్టుకుని చెప్పాను.

"పటం వచ్చిందమ్మా. కానీ ఇందులోనూ మొహం లేదు. మీ అమ్మ కదిలింది. ఎంత చెప్పినా వినలేదు, తల తిప్పేసింది."

ఆవిడ లోపలికి వచ్చి, పటం ఒళ్ళో పెట్టుకుని భూతద్దం ఆనించి చూసింది. భూతద్దం పక్కన పెట్టి అడిగింది.

"పిల్లల్ని పటంలోకి రానివ్వలేదని మార్తమ్మ అవ్వ చెప్పిందండి. మమ్మల్ని ఎక్కడ కూర్చోబెట్టారు?"

"కుడిపక్క, నీడలో. చాప మీద."

"ఎవరైనా ఏడ్చారాండి?"

అప్పుడు వినిపించింది నాకు, రెండో మూడో అంకె దగ్గర గుక్కపట్టిన పిల్ల గొంతు. ఇన్నేళ్ళ తరవాత.

"ఏడ్చిందమ్మా. ఒక పిల్ల ఏడ్చింది" అన్నాను.

శాంతమ్మ ఆ మరక మీద వేలు పెట్టి, అది సాగిన వైపే మెల్లగా జరిపింది. వేలు పటం అంచు దాటి, కాగితం దాటి, ఆవిడ చీర కుచ్చిళ్ళ మీదికి వచ్చి ఆగింది.

"నా వైపేనండి" అంది.

ముప్పై ఏళ్ళ పైన అందరికీ కదలొద్దనే చెప్పాను. ఆ పటంలో అరవైమంది నా మాట విన్నారు. వాళ్ళ మొహాలు గుండీలతో సహా ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. శాంతమ్మ వాళ్ళలో ఒక్కరినీ చూడలేదు. నా మాట వినని ఆ ఒక్క మనిషినే చూసుకుంటూ, దీపాలు పెట్టేవేళ దాకా మా అరుగు మీద కూర్చుంది.